చాట్‌జీపీటీ, జెమిని, మెటా ఏఐ... మొదటిసారి వాడేవాళ్లు ఏది ఎక్కించుకోవాలి?

హన్మకొండలో డీటీపీ, ఆన్‌లైన్ పనుల షాపు నడుపుతాను. కౌంటర్ దగ్గర ఈ మధ్య తరచూ వినిపించే ప్రశ్న: "అన్నా, అందరు ఏఐ ఏఐ అంటున్నరు, నా ఫోన్ల ఏది ఎక్కించుకోవాలె?" అడిగేవాళ్లలో మిర్చి రైతులుంటారు, గ్రూప్స్‌కు చదివే పిల్లలుంటారు, పింఛను కాగితాలతో వచ్చే రిటైర్డ్ సార్లుంటారు. అందరికీ ఒకే పేరు చెప్పి పంపిస్తే నా పని తొందరగా తెములుతుంది గానీ, రైతుకు అక్కరకొచ్చేది సారుకు అక్కరకు రాదు.

నా అభిప్రాయం ముందే చెప్తాను. మనం అడిగినదానికి జవాబు చెప్పే ఈ ఏఐ యాప్‌లలో ఏది ఎక్కువ తెలివైందన్న పోటీని పట్టించుకోకండి, ఆ వరుస నెలనెలా మారుతూనే ఉంటుంది. మీరు చేయించుకునే పనిలో అది తప్పు చేస్తే మీకు తెలుస్తుందా లేదా, దాన్ని బట్టి ఎంచుకోండి. దరఖాస్తు రాయిస్తే చదవగానే తప్పు దొరుకుతుంది. అలాంటి పనికి ఏదైనా ఒకటే. పురుగుమందు మోతాదు అడిగితే మాత్రం తప్పు ఎక్కడుందో పంట దెబ్బతిన్నాక గానీ తెలియదు. అక్కడ ఏ యాప్‌ను అడిగారు, ఎలా అడిగారు, ఆ తర్వాత ఏ మనిషిని అడిగారు, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి.

## ముందు ఏం చూసుకోవాలి

మన మాట. టైపు చేయడం రానివాళ్లకు మైకే దిక్కు. కాబట్టి యాప్‌ను పరీక్షించేటప్పుడు పుస్తకాల తెలుగులో అడగకండి. ఇంట్లో ఎట్ల మాట్లాడతారో అట్లనే అడగండి. "బాయి కాడ మోటరు కాలింది, మిస్త్రీకి చెప్పాలె, మెసేజ్ రాసియ్యి" అంటే దానికి అర్థమైందా? మీ మాట స్క్రీన్ మీద అక్షరాల్లో కనిపిస్తుంది, జవాబు కంటే ముందు దాన్ని చదవండి. సగం గొడవలు అక్కడే పుడతాయి.

ఫొటో చదవడం. బ్యాంకు నోటీసు, కరెంటు బిల్లు, ఇంగ్లీషులో వచ్చిన లెటర్ ఫొటో తీసి "ఇందులో ఏముంది" అని అడగడమే మా షాపుకొచ్చే చాలామందికి అసలు అవసరం. అచ్చు కాగితాలను ఇప్పుడు పేరున్న యాప్‌లన్నీ బాగానే చదువుతున్నాయి. చేతిరాత దగ్గర తేడా వస్తుంది.

తాజా సంగతులు. ఈ బాట్‌ల (జవాబిచ్చే ఈ యాప్‌లనే అలా అంటారు) చదువు ఒక తేదీ దగ్గర ఆగిపోతుంది. తర్వాత జరిగినవి కావాలంటే అది నెట్‌లో వెతకాలి. మన దగ్గర ఎన్ని మారాయో చూడండి: 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. 2024లో కొత్త బండ్ల నంబర్లు టీఎస్ నుంచి టీజీకి మారాయి. 2025 ఏప్రిల్ 14న భూముల రికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో భూభారతి మొదలైంది. పాత చదువుతోనే జవాబిచ్చే బాట్ మిమ్మల్ని ఇంకా ధరణికే పంపుతుంది.

గుట్టు. మీరు రాసింది వాళ్ల సర్వర్లకు పోతుంది. దాన్ని ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుకుంటారు అనేది యాప్‌కో తీరు.

డబ్బులు. మొదలుపెట్టేవాళ్లకు ఉచితంగా ఇచ్చేదే చాలు. అయితే ఉచితానికి రోజువారీ హద్దు ఉంటుంది. పైగా తెలుగు వాక్యం ఈ యంత్రాల లెక్కలో అదే అర్థమున్న ఇంగ్లీషు వాక్యం కంటే ఎక్కువ ముక్కలవుతుంది. పెద్ద పెద్ద తెలుగు పనులు పెడితే ఆ హద్దు తొందరగా తగులుతుంది.

| | జెమిని | చాట్‌జీపీటీ | మెటా ఏఐ | పర్‌ప్లెక్సిటీ | క్లాడ్ |
|---|---|---|---|---|---|
| మొదలుపెట్టడం | జీమెయిల్ ఉంటే చాలు | యాప్, కొత్త ఖాతా | వాట్సాప్‌లోనే ఉంది | యాప్, కొత్త ఖాతా | యాప్, కొత్త ఖాతా |
| తెలుగులో నోటితో మాట్లాడడం | అన్నిట్లో నయం | బాగుంటుంది | బలహీనం | అంతంతే | అంతంతే |
| తెలుగు రాత | బాగుంటుంది | బాగుంటుంది | చిన్న ముక్కలకు సరే | క్లుప్తంగా | పెద్ద రాతలకు బాగుంటుంది |
| ఆధారం లింకులు | వెతికినప్పుడు ఇస్తుంది | వెతికినప్పుడు ఇస్తుంది | తక్కువ | దాని పనే అది | వెతికినప్పుడు ఇస్తుంది |
| బొమ్మలు తయారుచేయడం | చేస్తుంది | చేస్తుంది | చేస్తుంది | చేస్తుంది | ఫొటోలాంటివి చేయదు |
| ముందుగా ఎవరికి | రైతులు, పెద్దవాళ్లు | దరఖాస్తులు, రోజువారీ రాత | చిన్న చిన్న అవసరాలు | చదువుకునేవాళ్లు | పొడుగు కాగితాలతో పని |

పట్టికలో "బాగుంటుంది" అన్నవి నా షాపులో చూసిన దాన్ని బట్టి. మీ ఫోన్, మీ ఊరి సిగ్నల్, మీ యాస కలిస్తే ఒక మెట్టు అటూ ఇటూ కావచ్చు.

## జెమిని

మొదట బార్డ్ పేరుతో వచ్చింది, 2024 ఫిబ్రవరిలో జెమిని అయింది. అదే ఏడాది జూన్‌లో మన దేశంలో యాప్ విడుదల చేసినప్పుడే 9 భారతీయ భాషలతో వచ్చింది, అందులో తెలుగు ఒకటి. ఫోన్‌లో మాట్లాడినట్టు ఎదురెదురుగా మాట్లాడే జెమిని లైవ్ కూడా 2024 అక్టోబర్‌లో తెలుగుకు ప్రకటించారు. ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నవాళ్లకు జీమెయిల్ ఎలాగూ ఉంటుంది కాబట్టి కొత్త ఖాతా, కొత్త పాస్‌వర్డ్ గోల లేదు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగంమంది పాస్‌వర్డ్ దగ్గరే ఆగిపోతారు, కాబట్టి ఇది చిన్న సంగతేం కాదు.

గుట్టు విషయంలో మాత్రం ఒకటి తెలుసుకుని మొదలుపెట్టండి. కొన్ని సంభాషణలను మనుషులు కూడా చదువుతారని, అలా చదివినవాటిని మీరు హిస్టరీ చెరిపేసినా 3 ఏళ్ల వరకు ఉంచుకుంటామని గూగుల్ తన పేజీలోనే రాసుకుంది. సెట్టింగ్స్‌లో యాక్టివిటీని ఆపేసుకోవచ్చు. ఆపితే ఆ తర్వాత జరిపే సంభాషణలను వెనక్కి వెళ్లి చూసుకునే వీలు పోతుంది.

## చాట్‌జీపీటీ

2022 నవంబర్ 30న ఈ సందడంతా మొదలుపెట్టింది ఇదే. ఒక్కమాటలో అడిగి వదిలేయకుండా "కొంచెం చిన్నగ రాయి", "ఇంత బతిమాలుడు వద్దు, గట్టిగ రాయి" అని సవరింపజేసుకుంటూ పోవడానికి నాకు ఇదే అనువుగా అనిపిస్తుంది. దరఖాస్తులకు అదే కదా కావలసింది.

అడిగే తీరును బట్టి ఎంత తేడా వస్తుందో చూడండి. "ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది, లెటర్ రాయి" అంటే "తమ దివ్య సముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా" అని మొదలుపెట్టి, మీరు చెప్పని నష్టాలు, మీరు చెప్పని తేదీలు తనే కల్పించి ఒక పేజీ నింపుతుంది. అదే ఇలా అడగండి:

> కరెంటు ఏఈ గారికి దరఖాస్తు రాయి. మా ఊరు పరకాల దగ్గర. వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి 4 రోజులైంది. దాని మీద 11 మోటర్లు ఉన్నాయి. వరి పొట్ట దశలో ఉంది. వెంటనే మార్పించాలి. 8 వాక్యాలు దాటొద్దు. మామూలు తెలుగులో రాయి. నేను చెప్పనిది ఏదీ చేర్చకు. తెలియని చోట ఖాళీ గీత పెట్టు.

చివరి రెండు వాక్యాలే ఇందులో కీలకం. ఏ యాప్ వాడినా వాటిని వదలకండి. సర్వీస్ నంబర్ దగ్గర గీత వస్తే మీరు పెన్నుతో నింపుకుంటారు. అది తోచిన నంబరు వేసేస్తే ఆఫీసులో మీరు తలదించుకోవాలి.

డేటా కంట్రోల్స్ అనే సెట్టింగ్‌లో మీ మాటలను వాళ్ల మోడల్ శిక్షణకు వాడొద్దని ఆపేసే బటన్ ఉంది. ఖాతా తెరిచిన రోజే ఆపేయండి. ఇంటి గొడవో, ఆరోగ్యం సంగతో అడగాలంటే హిస్టరీలో నిలవని టెంపరరీ చాట్ వాడండి.

డబ్బుల సంగతికొస్తే, 2025 ఆగస్టులో నెలకు ₹399తో గో అనే ప్లాన్ మన దేశానికి తెచ్చారు. నవంబర్ 4 నుంచి దాన్నే ఏడాదిపాటు ఉచితంగా ఇచ్చారు. అలా ఉచితంగా తీసుకున్నవాళ్లు యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా తెరిచి చూడండి. అనుమతి ఇచ్చి ఉంటే ఏడాది నిండగానే నెలనెలా డబ్బులు కోసుకుంటుంది.

## మెటా ఏఐ

వాట్సాప్‌లో నీలం రంగు గుండ్రని గుర్తుగా కనిపించేది ఇదే. 2024 జూన్‌లో మన దేశానికి ఇంగ్లీషుతో వచ్చింది, మరుసటి నెలలో హిందీ చేరింది. దీని సుఖమంతా వేరే యాప్ అక్కర్లేకపోవడంలోనే. కస్టమర్‌కు ఇంగ్లీషులో రెండు లైన్ల జవాబు, పెళ్లిరోజు శుభాకాంక్షలు, షాపు స్టేటస్‌కు ఓ బొమ్మ లాంటి పనులకు చాలు. ఇంతకుముందు చాట్‌జీపీటీని కూడా వాట్సాప్ నంబర్ ద్వారా వాడుకునేవాళ్లు. వాట్సాప్ నిబంధనలు మారడంతో 2026 జనవరి 15తో ఆ దారి మూతపడింది.

వాట్సాప్‌లో మనుషులకు మనం పంపే మాటలు తాళం వేసినట్టే ఉంటాయి, మధ్యలో ఎవరూ చదవలేరు. మెటా ఏఐకి పంపేవి అలా కాదు, అవి మెటాకు చేరతాయి. దానితో జరిపే సంభాషణలను బట్టి ప్రకటనలు చూపిస్తామని కూడా ఆ సంస్థ ప్రకటించింది, 2025 డిసెంబర్ 16 నుంచి అది అమల్లోకి వచ్చింది. అప్పుల గురించో, రోగాల గురించో అందులో అడగడానికి నేనైతే ఇష్టపడను.

## మిగిలినవి

పర్‌ప్లెక్సిటీ జవాబుతోపాటు ఎక్కడి నుంచి తెచ్చిందో లింకులు పెడుతుంది. నోటిఫికేషన్ తేదీ, ప్రభుత్వ పథకం అర్హత, బస్సు చార్జీ లాంటివాటికి ఇదే నయం, ఎందుకంటే లింకు నొక్కి మీరే చూసుకోవచ్చు. లింకు ఉన్నంత మాత్రాన జవాబు సరైనదని కాదు. అసలు పేజీలో ఒకటి ఉంటే ఇది మరోటి చెప్పడమూ జరుగుతుంది. క్లాడ్ పొడుగైన ఒప్పందాలు, కోర్టు కాగితాలు, ప్రాజెక్టు రిపోర్టులు పెట్టి సారాంశం తీయించుకోవడానికి, రాసినదాన్ని చక్కబెట్టుకోవడానికి బాగుంటుంది. 18 ఏళ్లు నిండినవాళ్లకే ఖాతా ఇస్తారు కాబట్టి బడి పిల్లలకు కుదరదు. మైక్రోసాఫ్ట్‌వారి కోపైలట్ ఆఫీసు కంప్యూటర్‌లో ఉంటే వాడుకోండి. ఫోన్‌లో కొత్తగా వెతుక్కుని ఎక్కించుకోవలసిన అవసరం నాకు కనపడలేదు.

టెలికాం కంపెనీలు రీచార్జితో ఇచ్చిన ఆఫర్లు కూడా చాలామంది ఎంపికను తేల్చేశాయి: 2025 జూలైలో ఎయిర్‌టెల్ పర్‌ప్లెక్సిటీ ప్రో ఏడాది ఇచ్చింది, అక్టోబర్ చివర్లో జియో జెమిని ప్రో 18 నెలలు ఇచ్చింది. మీ నంబరుకు అది వచ్చి ఉంటే వాడుకోండి. దాని కోసం సిమ్ మార్చకండి.

## మీరు ఎవరైతే ఏది

రైతులకు. మైకు కోసం, కెమెరా కోసం జెమిని. అయితే పంట విషయంలో దాన్ని ఎక్కడిదాకా నమ్మాలో ఒక ఉదాహరణ చెప్తాను. మిర్చిలో ఆకు ముడత రెండు రకాలు. తామర పురుగు రసం పీలిస్తే ఆకు పైకి ముడుచుకుంటుంది, నల్లి అయితే కిందికి ముడుచుకుంటుంది. రెంటికీ మందులు వేరు. పైనుంచి తీసిన ఒక్క ఫొటో పెడితే ఏ బాట్‌కైనా ఈ తేడా తేల్చడం కష్టం. అయినా అది "తెలియదు" అనదు, ఏదో ఒక మందు పేరు ధీమాగా చెప్తుంది. 2021-22లో మన మిర్చి చేలను ముంచిన నల్ల తామర పురుగైతే ఎక్కువగా పూతలో గుంపులుగా ఉంటుంది, ఆకు ఫొటోలో అది కనపడకపోవచ్చు. కాబట్టి ఆకు పైభాగం, కిందిభాగం, పూత, మొత్తం మొక్క, ఇలా నాలుగు ఫొటోలు పెట్టి "ఏమై ఉండొచ్చో చెప్పు, ఖాయం చేసుకోవడానికి నేను చేనులో ఏం చూడాలో చెప్పు" అని అడగండి. మందు పేరు, మోతాదు మాత్రం మనిషి నోట వినండి: మీ ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి), వరంగల్ ములుగు రోడ్డులోని వ్యవసాయ పరిశోధన కేంద్రం, లేదంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551. అక్కడ తెలుగులోనే మాట్లాడతారు, ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా, పైసా ఖర్చు లేదు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ ధర అడిగేటప్పుడు మిర్చి రకం పేరు చెప్పాలి. "ఈరోజు మిర్చి ధర" అంటే తేజా ధరో, గుంటూరు ధరో, నిరుటి ధరో కలగలిపి చెప్పేస్తుంది. తేజా వేరు, వండర్ హాట్ వేరు, 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన చపాటా వేరు. ధరకు ఈనామ్ (ప్రభుత్వ ఆన్‌లైన్ మార్కెట్) చూడడమో, మీ అడ్తిదారును అడగడమో మేలు.

తక్‌పట్టీ (మార్కెట్లో అమ్మాక ఇచ్చే లెక్క చీటీ) ఫొటో పెట్టి లెక్క సరిచూడమనడం మంచి వాడకమే. కానీ అంకెలు ముందు మీరే చదివి చెప్పండి. 7 క్వింటాళ్ల 34 కిలోలు, క్వింటాకు ₹13,500 అనుకోండి, ₹99,090 రావాలి. చేతిరాతలో 3ను 8గా చదివితే ₹18,500 అవుతుంది, లెక్క ₹1,35,790కి పోతుంది. గుణించడంలో తప్పు లేదు, చదవడంలోనే తప్పు. ఇంటికొచ్చి అడ్తిదారుతో కొట్లాటకు దిగాక ఈ సంగతి తెలిస్తే పరువు పోతుంది. అడ్తి కమీషను, హమాలీ, దడ్వాయి (తూకం వేసేవాళ్ల) కోతలు విడివిడిగా పేర్చి చూపించమనండి, అప్పుడు ఏ గీత దగ్గర తేడా ఉందో మీకే దొరుకుతుంది.

చదువుకునేవాళ్లకు. గ్రూప్స్, డీఎస్సీకి చదివే పిల్లలు బాట్‌ను బిట్ల కోసం వాడకండి. మన చరిత్ర విషయంలో ఇవి ఎలా తడబడతాయో మూడు ప్రశ్నలతో పరీక్షించవచ్చు. వేయి స్తంభాల గుడి ఎవరు కట్టించారు? 1163లో రుద్రదేవుడు. రామప్ప గుడి? 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. రుద్రమదేవి ఎవరి కూతురు? గణపతిదేవుడి కూతురు. ముగ్గురి పేర్లలోనూ రుద్రుడే ఉన్నాడు కాబట్టి, కొంచెం తికమకగా అడిగితే ఒకరి గుడి ఒకరికి అంటగట్టే ప్రమాదం ఉంది. ఈ మూడింటికీ తడుముకోకుండా చెప్పిన దాన్ని "రామప్ప గుడిని రుద్రమదేవి ఎందుకు కట్టించింది?" అని తప్పుగా అడిగి చూడండి. "ఆమె కట్టించలేదు" అని అడ్డు చెప్పిందా, తలూపి కారణాలు అల్లిందా? మీరు అన్నదానికల్లా తలూపే బాట్‌తో పరీక్షకు చదవలేరు.

దీనికంటే మంచి దారి గూగుల్‌వారి నోట్‌బుక్‌ఎల్ఎం. మీ నోట్సు, మీ పీడీఎఫ్‌లు అందులో పెడితే వాటిలో ఉన్నదాని ఆధారంగానే జవాబిస్తుంది, ఎక్కడుందో చూపిస్తుంది. డీటీపీవాడిగా ఒక చిట్కా: పాత తెలుగు మెటీరియల్ చాలావరకు అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు అక్షరాలు) టైపు చేసింది. ఆ ఫైల్లోంచి కాపీ చేసి పెడితే బాట్‌కు చెత్త గుర్తులే కనిపిస్తాయి, అయినా అది ఏదో అర్థం చెప్పేస్తుంది. ఆ పేజీలను ఫొటోలుగా మార్చి పెట్టండి.

షాపులవాళ్లకు. జీఎస్టీ నోటీసు అర్థం చేసుకోవడానికి, కస్టమర్‌కు ఇంగ్లీషు మెయిల్ రాయడానికి చాట్‌జీపీటీ లేదా క్లాడ్. పన్ను ఎంత కట్టాలో మాత్రం మీ అకౌంటెంట్‌నే అడగండి. ఫ్లెక్సీ, కరపత్రం మీద తెలుగు అక్షరాలు కావాలంటే బాట్‌తో బొమ్మ వరకే చేయించుకోండి, అక్షరాలు మా లాంటి డీటీపీవాళ్ల దగ్గర వేయించుకోండి. ఒత్తులు, గుణింతాలు విరిగిన ఫ్లెక్సీ ఎక్కడ వేలాడినా ఇట్టే తెలిసిపోతుంది. ఇది నా గిరాకీ కోసం చెప్తున్నానని అనుకున్నా ఫరవాలేదు.

పెద్దవాళ్లకు. అమ్మకో, నాయనకో పెట్టిస్తుంటే ఒక్క యాప్ చాలు, జెమిని. తెర మీద మొదటి పేజీలో గుర్తు పెట్టండి, మైకు నొక్కడం నేర్పండి. మందుల చీటీ ఫొటో పెట్టి ఏ మందు దేనికో తెలుసుకోవడం వరకు సరే. ఏ పూట ఎన్ని, ఏది ఆపాలి అన్నది డాక్టరుకో, మందుల షాపాయనకో వదిలేయాలని వాళ్లకు గట్టిగా చెప్పండి. డాక్టర్ల చేతిరాత మనకే అర్థం కాదు, దానికెట్లా అవుతుంది.

## ఎక్కించుకునే ముందు

ప్లే స్టోర్‌లో పేరు కొట్టగానే అలాంటి గుర్తుతోనే బోలెడు నకిలీలు వస్తాయి, వారం తర్వాత డబ్బులు గుంజేవీ ఉంటాయి. యాప్ పేరు కింద చిన్న అక్షరాల్లో తయారీదారు పేరు చూడండి: చాట్‌జీపీటీకి ఓపెన్ఏఐ, జెమినికి గూగుల్, క్లాడ్‌కు ఆంత్రోపిక్, పర్‌ప్లెక్సిటీకి అదే పేరు ఉండాలి. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఏపీకే ఫైళ్లను (ప్లే స్టోర్ లేకుండా యాప్ ఎక్కించేవి) ముట్టుకోవద్దు.

ఫొటో పెట్టే ముందు ఆధార్ నంబరు, ఖాతా నంబరు మీద వేలు పెట్టి తీయండి, లేదా కాగితం మడిచి తీయండి. దరఖాస్తు రాయడానికి బాట్‌కు అవి అక్కర్లేదు. ఓటీపీ గానీ, యూపీఐ పిన్ గానీ అడిగే ఏఐ ఏదైనా దొంగదే. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఇంకెవరినీ అడుగుతూ కూర్చోకండి, అదే నిమిషంలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైన కొద్దీ ఆ సొమ్మును మధ్యలో ఆపడం కష్టమవుతుంది.